రేచల్ టీచరు చిత్తు, బ్లెస్సీ ఫెయిర్ కాపీ

ఆదివారం రెండో ఆరాధనలో, మూడో పాటకీ వాక్యానికీ మధ్య, రాజ్ కుమార్ చనిపోయినట్టు పాస్టరుగారు మైకులో చదివేరు. ఆ సమయానికి రాజ్ కుమార్ మగవాళ్ల వైపు నాలుగో వరసలో, ఫ్యాను కింద, కువైట్ నుంచి తెచ్చుకున్న తెల్ల చొక్కా తొడుక్కుని కూర్చుని ఉన్నాడు.

పాస్టరు జయప్రకాష్ గారు జాగ్రత్తపరుడు. ప్రార్థన విన్నపాల పెట్టెలోంచి తీసిన చీటీ ఏదైనా ముందు తనలో తను చదువుకుని, తర్వాతే బయటికి చదువుతారు. ఆవేళ చీటీలు ఎక్కువగా ఉన్నాయి. పైగా ఇది చీటీ కాదు, రెండు వైపులా గజిబిజిగా రాసిన పెద్ద కాయితం. "పసితనంలోనే నా తండ్రిని ఎడారి పొట్టన పెట్టుకుంది" అన్న చోటికి వచ్చేసరికి గొంతు కొంచెం వణికింది కూడాను. ఎవరి బిడ్డో పాపం అనుకున్నారు. తరవాత వరదకి కొట్టుకుపోయిన తాటాకు పాక వచ్చింది. ఆ తరవాత రెండు కళ్లూ కనపడని నాయనమ్మ వచ్చింది. అడుగున "ఇట్లు, బ్లెస్సీ" అని ఉంది.

పాస్టరుగారు కళ్లజోడు పైనుంచి చూసేరు. కొట్టుకుపోయిన పాక స్థానంలో రెండంతస్తుల డాబా ఉందని ఆయనకి తెలుసు, దాని గృహప్రవేశ ప్రార్థన చేసింది ఆయనే. రెండు కళ్లూ కనపడని ఎలీసమ్మ గారు ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కళ్లజోడు లేకుండా పాటల పుస్తకం తిరగేస్తున్నారు. చచ్చిపోయినాయన చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

ఇంక చేసేదేం లేక పాస్టరుగారు, "ప్రార్థన చేద్దాం" అన్నారు. సంఘమంతా కళ్లు మూసుకుంది. మూసుకోని వాళ్లంతా రేచల్ టీచరు వైపు చూసేరు. ఆ రాత ఎవరిదో చెప్పడానికి సంతకం అక్కర్లేదు ఆ ఊళ్లో.

రేచల్ టీచరు రాజ్ కుమార్‌కి స్వయానా అక్క. యాభై నాలుగేళ్లు. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. సఖినేటిపల్లి రేవుకి నాలుగు కిలోమీటర్ల ఇవతలున్న ఆ ఊళ్లో ముప్ఫై ఏళ్లబట్టి ఎవరికి ఏ అర్జీ కావాలన్నా, సెలవు చీటీ దగ్గర్నుంచి కువైట్‌లో ఎంబసీకి పెట్టుకునే దరఖాస్తు దాకా, ఆవిడ అరుగు మీదే తయారవుతుంది. పైసా పుచ్చుకోదు. టీ కూడా తనే ఇస్తుంది. ఒక్కటే అలవాటు. ఎవరేం చెప్పినా, చెప్పినదానికి ఒక కష్టం కలిపి రాస్తుంది.

"కష్టం లేని అర్జీని ఆఫీసులో ఎవడూ రెండో పేజీ తిప్పడండీ" అంటుంది.

అందుకని ఆ ఊరివాళ్లు కాయితాల మీద ఉన్నంత దీనంగా భూమ్మీద ఎక్కడా ఉండరు. మేనకోడలు బ్లెస్సీ చిన్నప్పటి సెలవు చీటీల్లోనే ఎలీసమ్మ గారు నాలుగుసార్లు కాలం చేసేరు. రాజోలు బస్సు తమ వీధి మొగలో ఆపాలని సుబ్బరాజు గారు అర్జీ పెట్టించుకున్నప్పుడు, ఆయనకి కుడికాలు పడిపోయిందని టీచరు రాసింది. "ఎవరన్నా చూడ్డానికి వస్తారేమోనండీ, కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండండి" అని చెప్పింది కూడా. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆర్నెల్లు కుంటేరు. బస్సు ఆగడం మొదలెట్టేక కూడా, కండక్టరు చూస్తాడని, ఇంకో నెల కుంటేరు.

ఇలాంటి మనిషికి మేనకోడలి కాలేజీ వ్యాసం చేతిలో పడింది.

రాజ్ కుమార్ పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవరు చేసి, కాంట్రాక్టు అయిపోయి మొన్న మార్చిలో వచ్చేసేడు. మళ్లీ వెళ్లే వయసు కాదు, ఇక్కడ ఇంకా ఏ పనీ కుదర్లేదు. బ్లెస్సీకి ఇంటర్‌లో మంచి మార్కులొచ్చేయి. బెంగుళూరు దగ్గర ఒక యూనివర్సిటీలో పూర్తి ఫీజు మాఫీతో సీటుకి పెట్టుకుంది. మార్కుల గండం దాటింది. ఇంక మిగిలింది వ్యాసం ఒక్కటే. మీ గురించి మీరే చెప్పండి, అది మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేనిదై ఉండాలి, ఆరొందల యాభై మాటలు దాటకూడదు, మంగళవారం సాయంత్రం అయిదు లోపు పంపాలి. ఫీజు మాఫీ అయితేనే చదువు. కాకపోతే ఇంటి దగ్గరే ఉండి ఏదో ఒకటి చూసుకోవాలి. ఇది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

శుక్రవారం సాయంత్రం టీచరు అడిగింది. "ఎంతవరకూ వచ్చిందే?"

"ఏం రాయనత్తా. నాకేమీ జరగలేదు."

"జరక్కపోవడమేంటే. పద్దెనిమిదేళ్లు బతికేవు కదా."

"బతికేను. అది అందరికీ జరిగేదే కదా."

రేచల్ టీచరుకి ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లలో 'నా ఆశయం' అన్న వ్యాసాలు ఎన్ని దిద్దిందో ఆవిడకే తెలీదు. రాసిన ప్రతివాడూ డాక్టరై పేదలకి సేవ చేస్తానన్నవాడే. వాళ్లంతా మాట నిలబెట్టుకుని ఉంటే ఈ మండలంలో జలుబు చేసినవాడు కూడా మిగలకూడదు. వాళ్లందరూ గైడులో చూసైనా పేజీ నింపేవారు. ఇది సొంత ఇంటి పిల్ల, నాలుగు రోజుల్లో పైన పేరు రాసి, కింద గీత గీసి ఊరుకుంది.

శనివారం టీచరే కూర్చుంది. ఇంగ్లీషు కాయితమైనా సరే ముందు తెలుగులో చిత్తు రాసుకోవడం ఆవిడ పద్ధతి. ఏకబిగిన రాసేసి, మర్నాడు గుడి నుంచి వచ్చేక బ్లెస్సీ చేత ఇంగ్లీషులో ఫెయిర్ చేయిద్దామని బల్ల మీద పెట్టింది. పొద్దున్నే ఎలీసమ్మ గారు ఆ కాయితం చూసేరు. మనవరాలి సీటు తాలూకు కాయితమని తెలుసు. నాలుగు మడతలు పెట్టి, బైబిల్లో దాచి, గుడికి పట్టుకెళ్లి విన్నపాల పెట్టెలో వేసేసేరు.

"ప్రార్థన చేయిస్తే తప్పేంటే?" అన్నారు తరవాత. "చదవమన్నానా నేను? చెయ్యమన్నాను."

ఆరాధన అయ్యేక గుడి బయట రాజ్ కుమార్ చుట్టూ జనం మూగేరు.

"ఏవండీ రాజ్ కుమార్ గారూ, జ్ఞాపకార్థ కూడిక ఎప్పుడు పెట్టుకున్నారండీ?"

"మా అక్క చెప్పాలండి. నాకన్నీ ఆవిడే చూస్తోంది."

"భోజనాలున్నాయా అండీ?"

"ఆయ్. నేనే వడ్డిస్తానండి."

రాజ్ కుమార్ భార్య విజయ ఎవరి మొహం చూడకుండా కొంగు నోటికడ్డం పెట్టుకుని గబగబా ఇంటికి నడిచింది. ఏడుస్తోందని కొందరు, నవ్వుతోందని కొందరు అన్నారు.

ఇంటికి రాగానే తమ్ముడు అడిగేడు. "అక్కా, పదకొండేళ్లు ఎండలో బండి తోలి బతికొస్తే, నువ్వు ఒక్క పూటలో చంపేసేవేంటి?"

"నీ కూతురికి సీటొద్దా? జాలి పడకుండా ఎవడిస్తాడ్రా?"

"జాలికైతే ఏ కాలో చెయ్యో తియ్యొచ్చు కదా. మొత్తానికి తీసేయడమేంటి?"

"కాలు సుబ్బరాజు గారికి రాసేసేను" అంది టీచరు. ఆవిడ వేళాకోళానికి అనలేదు. రాసిన కష్టం మళ్లీ రాయకూడదని ఆవిడకో నియమం.

బ్లెస్సీ ఆ కాయితం పాస్టరుగారి దగ్గర అడిగి తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని మొదట్నుంచీ చదివింది.

"ఇది పంపనత్తా."

"ఎందుకు పంపవు?"

"ఇందులో నేను లేను. ఈ అమ్మాయి ఎవరో పాపం, చాలా కష్టాల్లో ఉంది. వస్తే ఈ అమ్మాయికే ఇమ్మను సీటు."

టీచరు ఆ రోజంతా దానితో మాట్లాడలేదు.

సోమవారం ఆవిడ స్కూలుకి సెలవు పెట్టింది. సెలవు చీటీలో జొరం అని మాత్రమే రాసింది, అంతకు మించి కల్పించే ఓపిక లేకపోయింది. మేనకోడల్ని అరుగు మీద ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"పాట వచ్చా?"

"గుడిలో అందరితో కలిసి పాడతాను."

"ఆట?"

"లేదు."

"బహుమతులు?"

"బైబిల్ క్విజ్‌లో రెండోది."

"ఎంతమందిలో?"

"ముగ్గురిలో."

టీచరు నుదురు కొట్టుకుంది. ఈలోగా ఆదివారం సంగతి విన్నవాళ్లు ఒక్కొక్కళ్లే రావడం మొదలెట్టేరు, తలో మాట సాయం చేద్దామని. ఎలీసమ్మ గారు లోపల్నుంచి, "పుట్టగానే ఏడవలేదని రాయండే, వీపు మీద రెండు చరుపులు చరిచేకే ఏడ్చింది" అన్నారు. పక్కింటావిడ వచ్చి, తన కొడుకు రెండేళ్ల కిందట గోదాట్లో పడి తేలేడని, ఆ సంగతి కావాలంటే వాడుకోమని చెప్పి, కొత్తిమీర కట్ట ఇచ్చి వెళ్లింది. సుబ్బరాజు గారు పంచె ఎగ్గట్టుకుని వచ్చి మెట్టు మీద నిలబడ్డారు.

"అమ్మా బ్లెస్సీ, నా కాలు సంగతి రాసుకోమ్మా. అవసరమైతే మళ్లీ కుంటుతాను. నాకేం ఇబ్బంది లేదు."

"మీరు కూర్చోండి బాబూ" అంది టీచరు పళ్ల బిగువున. "కాసిన్ని టీ నీళ్లు తాగి వెళ్దురుగాని."

ఆయన వెళ్లేక ఆవిడ గొంతు పెంచింది. "ఊరందరికీ ఏదో ఒకటి ఉందే. నీకొక్కదానికే లేదు. పదేళ్లప్పట్నుంచీ ఈ అరుగు మీదే కూర్చున్నావు కదా, ఇన్నేళ్లూ ఏం చేసేవే?"

"నీ చిత్తులు ఫెయిర్ చేసేను."

అది నిజమే. టీచరు రాత బోర్డు మీద ముత్యాలే. కాయితం మీదికొచ్చేసరికి చీమలు సిరాలో పడి లేచి వెళ్లినట్టుంటుంది. అందుకే బ్లెస్సీ అయిదో తరగతిలో ఉన్నప్పట్నుంచీ ప్రతి అర్జీ దాని చేత్తోనే ఫెయిర్ అయ్యేది. అక్కడికక్కడ సంతకమో వేలిముద్రో పడేది, వెళ్లిపోయేది. ఒకసారి రాసిన కష్టాన్ని మళ్లీ చదువుకునే అలవాటు టీచరుకి లేదు.

"చూసి రాయడం కూడా ఒక గొప్పేనా?" అంది టీచరు.

బ్లెస్సీ కొత్తిమీర కట్ట తాడు విప్పింది, మళ్లీ కట్టింది.

"చూసే రాసేను. కొన్ని వదిలేసేను."

"ఏం కొన్ని?"

"లేనివి."

టీచరుకి వెంటనే ఎక్కలేదు. ఎక్కేక కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"సుబ్బరాజు గారి కాలు?"

"వదిలేసేను."

"బస్సు ఆగింది కదే."

"కింద నలభై మంది సంతకాలు పెట్టేరు కదత్తా. దానికి ఆగింది."

"బుజ్జమ్మ గేదె?"

"గేదె బతికే ఉంది. పోయింది దూడ. దూడ అనే రాసేను. దూడకే పరిహారం ఇచ్చేరు."

"మీ నాయనమ్మ పింఛనీ కాయితంలో కళ్లు?"

"వయసు సరిపోయింది. కళ్లెందుకు?"

"నా కళ్లెవరు తీసేసేరే?" అన్నారు ఎలీసమ్మ గారు లోపల్నుంచి.

రేచల్ టీచరు ఎనిమిదేళ్ల అర్జీలన్నీ ఒక్కొక్కటే అడిగింది. పిల్ల ఒక్కొక్కటే చెప్పింది. కూలిన గోడలు లేచి నిలబడ్డాయి, తెగిన చెప్పులు అతుక్కున్నాయి, పోయినవాళ్లు తిరిగొచ్చేరు. కొన్ని అర్జీలు పనయ్యేయి, కొన్ని అవలేదు. పిల్ల చేతికి రాకముందు, కష్టం కలిపి పంపినప్పుడూ అంతే అయ్యేవని లెక్క వేసుకునేసరికి ఆవిడకి ఉక్రోషం మరీ ముంచుకొచ్చింది. తను ఇంతకాలం ఇంతమందిని ఊరికే ఏడిపించిందన్నమాట.

"నేను రాసింది కొట్టేయడానికి నువ్వెవరే? పదేళ్ల పిల్లవి."

"పేరు వాళ్లది కదత్తా. ఎవరన్నా అడిగితే వాళ్లు తడుముకోవాలి కదా."

"తీసేయడమేనా, ఏమన్నా కలిపేవా కూడాను?"

"ఒక్కసారి."

"దేంట్లో?"

"నాన్న దాంట్లో."

కువైట్‌లో యజమాని పాస్‌పోర్టు పట్టుకుని సెలవివ్వనప్పుడు, ఎంబసీకి టీచరు ఒక దరఖాస్తు రాసింది. రాజ్ కుమార్ భార్య మంచం పట్టి ఆఖరి దశలో ఉందని. బ్లెస్సీకి అప్పుడు పన్నెండు. విజయ ఎదురుగా కూర్చుని చేపలు తోముతోంది. ఆ ముక్క వదిలేసి, దాని చోట పిల్ల సొంతంగా ఒక వాక్యం పెట్టింది. "మా నాన్నని చూసి నాలుగేళ్లయింది, ఆయన ఎంత పొడుగో నాకు గుర్తు లేదు" అని.

ఆ సంవత్సరం రాజ్ కుమార్ సెలవు మీద వచ్చేడు. ఆ దరఖాస్తు తన గొప్పేనని టీచరు ఆరేళ్లుగా అరుగు మీద వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లింది. కొబ్బరి పీచు పోగు దగ్గర చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. పంపు తిప్పి కాళ్లు కడుక్కుంది, కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కుంది. వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడింది.

"మరి ఇంత పెట్టుకుని ఏం జరగలేదంటావేంటే?"

"ఇది నీ సంగతి కదా అని ఊరుకున్నాను."

"అది ఎవరి సంగతో ఆ చదివేవాళ్లే తేల్చుకుంటారు. కూర్చుని రాయి."

బ్లెస్సీ ఆ మధ్యాహ్నం మొదలెట్టి మంగళవారం మూడింటికి ముగించింది. చిత్తు లేదు, సరాసరి ఇంగ్లీషే. తెచ్చి మేనత్త చేతికిచ్చింది. టీచరు ఎర్ర పెన్ను తీసింది. మొదటి పేరా నిండా ఆవిడే ఉంది. రెండో పేరాలో ఆవిడ చేతిరాత ఉంది. మూడోదాంట్లో ఒక మాట దగ్గర పెన్ను ఆగింది.

"అబద్ధాలు అని రాసేవు."

"ఊఁ."

"అదనంగా చేర్చినవి అనొచ్చు కదే. మర్యాదగా ఉంటుంది."

బ్లెస్సీ మేనత్త మొహంలోకి చూసింది అంతే. చిన్నప్పుడు కూడా చిత్తు చదువుతూ అలాగే చూసేదని టీచరుకి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పట్లో చేతిరాత అర్థంకాక చూస్తోందనుకునేది.

"సరే, ఉంచు" అంది.

కామాలు రెండు పెట్టింది. లెక్కపెడితే ఆరొందల యాభై తొమ్మిది మాటలు. తొమ్మిది ఎక్కువ. అప్పటికి నాలుగుం పావు. తన చేతిరాత గురించి రాసిన వాక్యం సరిగ్గా తొమ్మిది మాటలని టీచరు ముందే లెక్కపెట్టుకుంది, దాని మీద పెన్ను కూడా పెట్టింది. పెట్టి, తీసేసింది. తన మీది మచ్చ తనే తుడుచుకుంటే, ఈ పిల్ల ముందు ఇంకెప్పుడూ ఎర్ర పెన్ను పట్టుకోవడానికి మొహం చెల్లదు. కాయితం ఆ చివర్నుంచి ఈ చివరి దాకా మళ్లీ చదివి, ఆఖరి పేరాలో తొమ్మిది మాటల వాక్యం ఇంకోటి అడ్డంగా కొట్టేసింది. బ్లెస్సీ చూసి నవ్వింది, కాదనలేదు. ఇద్దరూ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కకి, సిగ్నలు ఉండే మూలకి వెళ్లి నిలబడి, అయిదుకి పది నిమిషాలుండగా పంపేరు.

మూడు వారాలకి మెయిలొచ్చింది. సీటు ఇచ్చేరు, ఫీజు మొత్తం మాఫీ.

ఆ శనివారం సాయంత్రం డాబా మీద కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. బ్లెస్సీ వ్యాసం తెలుగులో చెబుతానంది. పాస్టరుగారు కాయితం ముందుగా అడిగి పుచ్చుకుని, పక్కకెళ్లి రెండుసార్లు చదువుకుని, రాజ్ కుమార్‌ని ఒకసారి చూసుకుని, అప్పుడు చదవమన్నారు.

పిల్ల తడబడకుండా చదివింది. చీమలు సిరాలో పడ్డ మాటకి అందరూ నవ్వేరు. రేచల్ టీచరు వెనకాల గోడకి ఆనుకుని, పులిహోర గిన్నె మూత సర్దుతున్నట్టు తల వంచుకుని నిలబడింది. ఎంబసీ దరఖాస్తులో తండ్రి పొడుగు సంగతి వచ్చినప్పుడు విజయ లేచి లోపలికి వెళ్లి, కాసేపాగి నీళ్ల జగ్గుతో వచ్చింది. కాలు సంగతి వచ్చేసరికి సుబ్బరాజు గారు కుర్చీలో ముందుకి వంగేరు.

"అంటే అమ్మా, నా కాలు కాయితంలో లేనే లేదా?"

"లేదండి తాతగారూ."

"మరి ఆర్నెల్లు..." అని ఆయన టీచరు వైపు తిరిగేరు. ఆవిడ పులిహోర గిన్నెతో ఆయన దగ్గరికే వచ్చి విస్తట్లో రెండుసార్లు వడ్డించింది. ఆయన దాన్ని చూసుకుని, మోకాలు ఒకసారి నిమురుకుని, "జీడిపప్పు బాగా వేసేరండి" అన్నారు.

వడ్డనలు ముగిసేయి. రాజ్ కుమార్ విస్తళ్లు ఎత్తుతూ ఎత్తుతూ అక్క దగ్గర ఆగేడు. పిల్ల చదివినదాంట్లో తన పొడుగుంది, కువైట్ ఉంది, పాస్‌పోర్టుంది. పదకొండేళ్ల తరవాత ఇంటికొచ్చిన ముక్క మాత్రం ఎక్కడా వినపడలేదు.

"అక్కా, మొదటిదాంట్లో చంపేసేవు, సరే. ఈ రెండోదాంట్లోనైనా నేను ఉన్నానో పోయేనో తేల్చలేదేంటి?"

రేచల్ టీచరు ఖాళీ గిన్నె అతని చేతిలో పెట్టింది.

"నువ్వు బతికున్నావని రాస్తే ఆరొందల యాభై మాటలు దాటిపోతున్నాయిరా."